34వ ఏట ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వచ్చిన నవోకో ఫుజియోకా: ఆమె పోటీలు చూసినవారు ఉన్నారా?

ఎర్రగ్లోవ్:
అందరికీ నమస్కారం. నాకు 33 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్లుగా తెల్లవారుజామునే లేచి బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. ఒళ్లు తగ్గితే చాలనుకుని వెళ్లిన దాన్ని, ఇప్పుడు పోటీకి దిగాలని ఉంది. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే మాట: "ఈ వయసులోనా?"

ఈ మధ్య జపాన్ బాక్సర్ నవోకో ఫుజియోకా గురించి చదివాను. 1975లో పుట్టారు. ముందు సాఫ్ట్‌బాల్ ఆడేవారు. ప్రొఫెషనల్‌గా తొలి పోటీ 2009 సెప్టెంబరులో, అంటే 34 ఏళ్లు నిండాక. ఆ తర్వాత ఐదు వేర్వేరు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచారు. జపాన్‌లో మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ అంతకుముందు ఎవరూ ఐదు గెలవలేదు.

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, బాక్సింగ్ తెలిసినవాళ్లు ఈ చర్చల్లో ఉన్నారని తెలుసు. ఆవిడ ఎలా ఆడేవారు? ఆ వయసులో అన్నేళ్లు ఎలా నిలిచారు? కళ్లారా చూసినవారు చెప్తే నాకు పెద్ద సాయం.

సుయిదోబాషి:
నేను చూశాను అండీ. 2017 డిసెంబరు 1, శుక్రవారం, టోక్యోలోని కోరాకుయెన్ హాల్. మా ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలితే వెంట వెళ్లాను. అప్పటికి నాకు బాక్సింగ్ గురించి ఏమీ తెలియదు.

ఆ హాలు ఐదో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు దగ్గర జనం ఎక్కువగా ఉంటే మెట్లెక్కాం. మెట్ల పక్క గోడల నిండా అభిమానుల రాతలే. ఏళ్ల తరబడి ఒకరి రాత మీద ఇంకొకరు రాసుకుంటూ పోయారు. లోపల రెండు వేల మంది పడితే ఎక్కువ. అంత చిన్న చోటు కాబట్టి గ్లోవ్ పక్కటెముకలకు తగిలిన చప్పుడు మా వరుస దాకా వినిపించింది. టీవీలో ఆ చప్పుడు రాదు.

ఎదుటి అమ్మాయి కోస్టారికా నుంచి వచ్చిన యోకాస్టా వాయె. 25 ఏళ్లు, అప్పటిదాకా ఓటమే లేదు. ఫుజియోకాకు 42. నా పక్కాయన ఆ అంకెలు చెప్పినప్పుడు నాకు భయమేసింది. మహిళల పోటీలో రౌండుకు రెండు నిమిషాలే, పది రౌండ్లు. రెండు నిమిషాలంటే తేలికనుకున్నాను. కానీ ఊపిరి పీల్చుకుని ఎదుటివారిని అంచనా వేసుకునే లోపే గంట మోగుతుంది, అందుకని ఎవరూ ఆగరు. ఫుజియోకా గడ్డం దించి, భుజాలు ముందుకు పెట్టి, అడుగు అడుగుకూ ఆ అమ్మాయి మీదికి వెళ్తూనే ఉన్నారు. దెబ్బ తగిలినా వెనక్కి జరగలేదు. పదో రౌండులో కూడా అదే నడక. ముగ్గురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు. అది ఆమె ఐదో బరువు. ఓడిన ఆ వాయె తర్వాత ఎంత పెద్ద ఛాంపియన్ అయిందో చూస్తే, ఆ రాత్రి గెలుపు ఎంత గట్టిదో అర్థమవుతుంది.

తూకం:
ఐదు బరువులు అనగానే అందరూ నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క మెట్టూ పైకి వెళ్లారనుకుంటారు. ఆమె దారి అలా సాగలేదు. అసలు గొప్పతనం అక్కడే ఉందని నా అభిప్రాయం.

2011లో మినిమమ్, అంటే 47.6 కిలోలు. 2013లో ఒక్కసారిగా సూపర్ ఫ్లై, 52.1. మధ్యలో రెండు తరగతులు వదిలేశారు. 2015లో బాంటమ్, 53.5. అక్కడి నుంచి కిందికి దిగి 2017 మార్చిలో ఫ్లై, 50.8. అదే ఏడాది డిసెంబరులో ఇంకా దిగి లైట్ ఫ్లై, 48.9. సుయిదోబాషి గారు చూసింది ఇదే.

నేను కాలేజీ రోజుల్లో కుస్తీ పట్టాను. ఒకసారి రెండు కిలోలు తగ్గించడానికి రెండు రోజులు నీళ్లు కూడా కొలుచుకుని తాగాను. తూకం అయ్యాక మెట్లెక్కుతుంటే మోకాళ్లు వణికాయి. అప్పటికి నాకు 20 ఏళ్లు. 40 దాటిన మనిషి పైబరువులో గెలిచి, మళ్లీ కిందికి దిగి, అక్కడి పిల్లల వేగాన్ని అందుకోవడం ఎంత కష్టమో తూకం యంత్రం ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఇలా ఎందుకు తిరగాల్సి వచ్చిందంటే, మహిళల బాక్సింగ్‌లో ఒక్కో తరగతిలో గట్టి బాక్సర్లు కొద్దిమందే ఉంటారు. సరైన ప్రత్యర్థి, ఖాళీగా ఉన్న టైటిల్ ఎక్కడ దొరికితే అక్కడికి శరీరాన్ని తీసుకుపోవాలి. 2013లో ఆమె ఎదుట నిలిచినావిడ పేరు కూడా నవోకోయే, నవోకో యమగుచి. ఇద్దరూ జపాన్ వాళ్లే.

సెందాయ్_నుంచి:
మొదటి టైటిల్ గురించి నేను చెప్పాలి. ఆమెది మియాగి ప్రాంతంలోని ఒసాకి. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చినప్పుడు అన్ని ప్రాంతాలకంటే ఎక్కువ ప్రాణాలు పోయింది ఆ మియాగిలోనే. నేను అప్పుడు మియాగిలోనే, సెందాయ్‌లో పరిశోధన చేస్తున్నాను. ఇంటివాళ్లు పోరుపెడితే నెల రోజులు గుంటూరు వచ్చి, మళ్లీ వెళ్లాను. తిరిగి వెళ్లేసరికి మా ల్యాబులో బీరువాలన్నీ గోడకు ఇనుప పట్టీలతో బిగించి ఉన్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు.

మే నెలలో ఆమె మెక్సికోకు చెందిన అనబెల్ ఓర్తిజ్‌ను పది రౌండ్లు పూర్తి కాకుండానే ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. భూకంపం వచ్చి అప్పటికి రెండు నెలలు. మా ల్యాబులో ఒక అమ్మాయిది ఒసాకియే. పేపరులోంచి ఆ వార్త కత్తిరించి తెచ్చి టీ కెటిల్ పైన అతికించింది. చిన్న వార్త, బొటనవేలంత ఫొటో. నీళ్లు మరిగే వరకు అందరం దాన్ని చూస్తూ నిలబడేవాళ్లం. నేను అక్కడ ఉన్నంతకాలం ఆ కాగితం అక్కడే ఉంది, ఆవిరికి అంచులు ముడుచుకుపోయాయి.

ఇందూరు_కోచ్:
ఎర్రగ్లోవ్ అమ్మా, నేను నిజామాబాదులో పిల్లలకు నేర్పిస్తాను. మా ఊరి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయిన దగ్గర నుంచి ఆడపిల్లలను తండ్రులే చేయి పట్టుకుని తీసుకొస్తున్నారు. ఆమె కూడా 52 కిలోల నుంచి 50కి దిగింది, కాబట్టి తూకం గారు చెప్పిన కష్టం మాకు కొత్త కాదు.

మీ సంగతికి వస్తే, అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని) పోటీల్లో ఎలైట్, అంటే పెద్దల విభాగంలో 40 ఏళ్ల వరకు అవకాశం ఉంది. అంటే వయసు నిబంధన మీకు అడ్డు కాదు. నన్నడిగితే వయసు కంటే ముందు కాళ్లు చూస్తాను. పంచ్ చెయ్యి నుంచి రాదు, మడమ నుంచి వస్తుంది. మడమ తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే భుజం వస్తుంది. ఫుజియోకా వీడియోలు మా పిల్లలకు చూపించేటప్పుడు చేతులను చూడొద్దంటాను, వెనక కాలి మడమను చూడమంటాను. సాఫ్ట్‌బాల్ బ్యాటు తిప్పేటప్పుడు కూడా బలం వచ్చేది ఆ మడమ నుంచే కదా.

ఫిజియో_విశాఖ:
ఇక్కడ కాస్త ఆగమని అడుగుతున్నాను. ఫుజియోకా 34లో మొదలుపెట్టారు అనడం సగం నిజమే. 34లో ప్రొఫెషనల్ అయ్యారు. దానికి ముందు ఏళ్ల తరబడి సాఫ్ట్‌బాల్, ఆ తర్వాత అమెచ్యూర్ బాక్సింగ్. ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. జపాన్ బాక్సింగ్ కమిషన్ మహిళల ప్రొఫెషనల్ పోటీలను గుర్తించిందే 2008లో. ఆమె ఆలస్యంగా రాలేదు, తలుపే ఆలస్యంగా తెరుచుకుంది. తెరిచిన మరుసటి ఏడాదే ఆమె లోపల ఉన్నారు.

నా దగ్గరికి 30 దాటాక మొదలుపెట్టిన వాళ్లు భుజం నొప్పితో, మణికట్టు వాపుతో వస్తుంటారు. అది నయమవుతుంది. తలకు తగిలే దెబ్బల సంగతి వేరు. స్పారింగ్‌లో, అంటే సాధన కోసం తోటివారితో తలపడడంలో, ప్రతివారం దెబ్బలు తిని, తలనొప్పి ఉన్నా "అలవాటైపోతుంది" అనుకున్న ఒకావిడను చూశాను. అలవాటు కాదు అండీ. తలనొప్పి, తూలడం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు నుంచే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. మీరు పోటీకి దిగొద్దని అనడం లేదు. వారానికి ఎన్నిసార్లు గట్టి స్పారింగ్ చేస్తున్నారో మాత్రం చెప్పండి.

సుయిదోబాషి:
ఫిజియో గారు చెప్పిన తలుపు మాట నూటికి నూరు పాళ్లూ నిజం. ఆ 2008లోనే మొమొ కొసెకి అనే ఆవిడ ప్రపంచ టైటిల్ గెలిచి, వరుసగా 17 సార్లు నిలబెట్టుకున్నారు. అంతకుముందు జపాన్ రికార్డు యోకో గుషికెన్ అనే మగ బాక్సర్‌ది, 13. గుషికెన్ పేరు ఇక్కడ ప్రతి ఇంట్లో తెలుసు, కొసెకి పేరు బాక్సింగ్ చూసేవాళ్లకే తెలుసు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. ఇక్కడ కింది స్థాయి బాక్సర్లకు ప్రతిఫలంలో కొంత టికెట్ల రూపంలో ఇస్తారు. వాటిని వాళ్లే అమ్ముకోవాలి. నేను వెళ్లే జిమ్‌లో ఒకమ్మాయి పగలు బెంటో (డబ్బా భోజనం) దుకాణంలో పనిచేస్తుంది. పోటీకి మూడు వారాల ముందు నుంచి పర్సులో టికెట్లు పెట్టుకుని, సాధన అయ్యాక అందరినీ తలవంచి అడుగుతుంది. నేను ప్రతిసారీ రెండు కొంటాను.

ఇంకొకటి, ఇక్కడ ప్రొఫెషనల్ బాక్సర్లకు 37 ఏళ్లకు లైసెన్సు ముగిసే నిబంధన 2023 వరకు ఉండేది. ఛాంపియన్లకు మినహాయింపు. 37 వచ్చేసరికి ఫుజియోకా నడుముకు బెల్టు ఉంది.

యొకొహామా_అమ్మ:
మా పాప తొమ్మిదేళ్లది, ఇక్కడి పిల్లల బాక్సింగ్ తరగతికి వెళ్తుంది. దానికి ఫుజియోకా తెలియదు, సేనా ఇరియె తెలుసు. తొత్తోరిలోని యొనాగో అమ్మాయి. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న బాక్సింగ్ మాంగా (జపాన్ బొమ్మల కథ) చదివి గ్లోవ్స్ వేసుకుంది. 2021 ఆగస్టు 3న టోక్యో ఒలింపిక్స్ ఫెదర్ వెయిట్ ఫైనల్లో ఫిలిప్పీన్స్ బాక్సర్ నెస్తీ పెటెసియోను ఓడించి స్వర్ణం తెచ్చింది. ఒలింపిక్స్ బాక్సింగ్‌లో జపాన్ మహిళకు అదే మొదటి స్వర్ణం.

ఆ పోటీలు జరిగింది రియోగోకు కొకుగికాన్‌లో, అంటే సుమో మందిరంలో. సుమో ఆడే మట్టి వేదిక మీదికి ఆడవాళ్లను అడుగు పెట్టనివ్వరు. అదే కప్పు కింద, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని హాల్లో, 20 ఏళ్ల అమ్మాయి చెయ్యి రిఫరీ పైకెత్తాడు. మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూశాను. నా కళ్లు తడిసిపోయాయి.

తర్వాతి ఆదివారమే టీవీలో ఒక పెద్దాయన, ఆడపిల్లల్లో కూడా కొట్టుకోవడం ఇష్టపడేవాళ్లు ఉంటారా అని ఆశ్చర్యపోతూ, పెళ్లి కావలసిన పిల్లలు అన్న ధోరణిలో మాట్లాడారు. బాక్సింగ్ సమాఖ్య నిరసన లేఖ రాసింది, ఆయన క్షమాపణ చెప్పారు. ఎర్రగ్లోవ్ గారూ, మీకు వినిపించే "ఈ వయసులోనా" కూడా అలాంటి మాటే. ఒకరికి వయసు, ఒకరికి పెళ్లి. చెప్పేవాళ్లకు ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇరియె ఏం చేసిందో తెలుసా? 2022లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచి, 22 ఏళ్లకే గ్లోవ్స్ విప్పేసింది. ఆమెకు కప్పలంటే ప్రాణం. ఆ దారిలో పనిచేస్తానని ముందు నుంచీ చెప్తూనే ఉంది. మా పాపకు ఆ సంగతి బంగారు పతకం కంటే ఎక్కువ నచ్చింది.

ఆస్టిన్_తెలుగు:
ఫుజియోకా చివరి పోటీ నేను చూశాను. 2022 ఏప్రిల్ 9, శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్. నేను వెళ్లింది ప్రధాన పోటీ కోసం. అంత పెద్ద స్టేడియంలో ఇంకా జనం సీట్లు వెతుక్కుంటూ ఉండగా ఈ పోటీ మొదలైంది. ఎదుట టెక్సాస్ అమ్మాయి మార్లెన్ ఎస్పార్జా, 32 ఏళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన మేరీ కోమ్‌కు కాంస్యం వచ్చిన విభాగంలోనే రెండో కాంస్యం ఈమెది. ఫుజియోకాకు 46.

ఎస్పార్జా కొట్టి పక్కకు తప్పుకుంటూ ఆడింది. ఫుజియోకా తరుముతూనే ఉన్నారు, అందలేదు. జడ్జీలందరూ ఎస్పార్జాకే ఇచ్చారు, అది న్యాయమే. సుయిదోబాషి గారు చెప్పిన ఆ ముందుకు నడక పదో రౌండు దాకా అలాగే ఉంది. ఆమె మొత్తం మూడుసార్లు ఓడారు. జర్మనీలో సూసీ కెంటికియన్ చేతిలో, మెక్సికోలో జెస్సికా చావెజ్ చేతిలో, ఇక్కడ. మూడూ పరాయి గడ్డ మీదే. ఓటమి భయం ఉన్న మనిషి అయితే టోక్యో దాటి వెళ్లేవారు కాదు.

ఎర్రగ్లోవ్:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి రెండుసార్లు చదివాను.

ఫిజియో గారూ, గట్టి స్పారింగ్ వారానికి రెండుసార్లు చేస్తున్నాను. మీరు రాసింది చదివాక ఈ ఉదయం మా కోచ్‌తో మాట్లాడి ఒకసారికి తగ్గించాను. గత నెలలో ఒకరోజు సాయంత్రం దాకా తల దిమ్ముగా ఉండింది, ఎవరికీ చెప్పలేదు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆయన సరేనంటేనే జిల్లా ఎంపికలకు పేరు ఇస్తాను.

ఇందూరు కోచ్ గారూ, నా వీడియో నేనే తీసుకుని చూసుకున్నాను. కుడిచేతి పంచ్ వేసేటప్పుడు నా మడమ అసలు లేవడం లేదు, నేలకు అంటుకుపోయి ఉంది. రెండేళ్లుగా ఎవరూ చెప్పలేదు. దీన్ని సరిచేయడానికి ఏ సాధన చేయిస్తారు?

ఇందూరు_కోచ్:
నేల మీద సుద్దతో గీత గీయండి. వెనక కాలి వేళ్లు గీత మీద, మడమ గీతకు ఇవతల. బ్యాగ్ వద్దు, గ్లోవ్స్ వద్దు. నెమ్మదిగా చెయ్యి చాపుతూ, వేళ్ల మీద కాలు తిప్పండి, మడమ బయటికి తిరగాలి. రోజుకు వంద. డాక్టరు ఏమన్నారో ఇక్కడ రాయండి అమ్మా.