సిల్వర్ ఓక్ మానుకు పుండ్లు పడి బంక కారుతోంది, బతుకుతుందా?

లత_కాడుగోడి: మా లేఅవుట్‌లో గోడ పక్కన పెద్ద సిల్వర్ ఓక్ ఉందండీ. మాను మీద రెండు చోట్ల బెరడు లోపలికి కుంగి, నిలువునా పగిలి, ఎర్రటి బంక కారి గడ్డకట్టింది. పైన ఒక పక్క కొమ్మలు చివర్ల నుంచి ఎండుతున్నాయి. అసోసియేషన్‌వాళ్లు కొట్టించేద్దాం అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఓక్ కాంకర్ (బెరడు మీద పుండ్లు పడే తెగులు) అని వెతికితే అన్నీ అమెరికా సంగతులే వస్తున్నాయి. మందేమైనా ఉందా?

శ్రీనివాసపుర_మామిడి: ముందు చాకుతో పుండు అంచున కొద్దిగా గీకి చూడమ్మా. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో ఉంటే అక్కడ చచ్చిపోయినట్టు. అది మాను చుట్టూ ఎంత మేర పాకిందో చూడు, పూర్తిగా చుట్టేస్తే పైభాగం దక్కదు.

రవి_హెబ్బాళ్: మా అన్నయ్య వాళ్ల టెక్సాస్‌లో అసలు ఓక్ చెట్లకు హైపాక్సిలాన్ కాంకర్ వస్తుంది. ఆ శిలీంధ్రం ఆరోగ్యంగా ఉన్న చెట్టులోనూ ఊరికే పడి ఉంటుంది, కరువొచ్చి చెట్టు నీరసిస్తే విజృంభిస్తుంది, బెరడు ఊడి కింద బూడిద రంగు పొర కనబడేసరికి చెట్టు చేయిదాటినట్టే, దానికి మందు లేదు. మన సిల్వర్ ఓక్ వేరే జాతి, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఆఫ్రికాలో దీనికొచ్చే కాంకర్ బోట్రియోస్ఫేరియా కుటుంబపు శిలీంధ్రాల వల్ల. అక్కడా నీటి ఎద్దడి పడ్డ చెట్లే ఎక్కువ దెబ్బతింటాయి. 2024 వేసవిలో ఇక్కడ బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు మీ చెట్టుకు నీళ్లెవరైనా పోశారా?

లత_కాడుగోడి: లేదండీ. మొదలు దాకా పేవర్లు కూడా వేసేశారు.

శ్రీనివాసపుర_మామిడి: అదే అసలు జబ్బు! మందు సంగతి తర్వాత, చుట్టూ కనీసం ఒక మీటరు మేర ఆ పేవర్లు పీకించు. పాదు చేసి వారానికోసారి నిదానంగా, లోతుకు ఇంకేలా నీళ్లు పెట్టు. ఎండుటాకులు పరిచినా మానుకు తగలనివ్వకు. యూరియా జోలికి మాత్రం పోవద్దు.

ఎండిన కొమ్మలు వానలు లేనప్పుడు కొట్టించు, రంగు మారిన చోటికి జానెడు కిందికి, బతికున్న చెక్కలో కోయాలి. కొమ్మ మానుకు కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని చెక్కేయనీకు, గాయం పూడేది అక్కడి నుంచే. ప్రతి కోతకూ రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి. కోసిన చోట బోర్డో పేస్ట్ రాయి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం ప్లాస్టిక్ బకెట్లలో చెరో అర లీటరు నీళ్లలో వేర్వేరుగా కలిపి, రెండూ ఒకదాంట్లోకి పోసుకోవాలి. ఇనుప చాకు ముంచితే ఎర్రగా పూత పడితే సున్నం చాల్లేదన్నమాట, ఇంకాస్త వెయ్యి. ఏ రోజుది ఆ రోజే వాడాలి. పేస్ట్ కొత్త గాయాన్ని కాపాడుతుందే గానీ, లోపలికి పోయిన తెగులును తీయలేదు.

జయనగర్_సుధ: పుండుకు సిమెంటు మెత్తించకండి అక్కా. మా వీధిలో కాంట్రాక్టర్ అలాగే పూడిస్తే లోపల తడి చేరి ఇంకా కుళ్లింది. మాను సగానికి మించి పోయి, కింద కార్లు ఆగే చోటైతే మాత్రం ఆలస్యం చేయకుండా పాలికె (నగర పాలక సంస్థ) అటవీ విభాగాన్ని పిలిచి చూపించండి.

లత_కాడుగోడి: గీకి చూశాం, మూడో వంతే గోధుమ రంగులో ఉంది! పేవర్లు తీయడానికి సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. కొట్టిన కొమ్మలు కంపోస్టు గుంతలో వేయొచ్చా?

శ్రీనివాసపుర_మామిడి: వద్దమ్మా, మిగతా చెట్ల దగ్గర కుప్ప పోయకుండా ఆ రోజే బయటికి పంపించెయ్యి.