సెల్లార్ గచ్చుకి నాహనీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ గొట్టం) వైపు వాటం (వాలు) ఎంత పెట్టాలి?

కొర్లగుంట, తిరుపతి:
సెల్లార్ లోపలి కొలత 20 × 15 అడుగులు. కింద పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు) ఉంది, ట్రాప్ సరిగ్గా నడిమధ్యన వస్తుంది. అంతా లెవెల్‌గా పోసి, చివర్లో ట్రాప్ చుట్టూ ఒక అడుగు తాపీతో లాగితే చాలంటున్నాడు మేస్త్రి. సరేనా? సిమెంటు ఎన్ని మూటలు పడుతుంది?

తాపీ పని, చిత్తూరు:
అట్లా వద్దన్నా. ట్రాప్ చుట్టూ గుంత పడుతుందే గానీ మూలల్లో నీళ్లు కదలవు. వాటం గోడ కాడి నుంచే మొదలవ్వాల. కనీసం నూటికి ఒకటి. మీ ట్రాప్ నుంచి మూలకి పన్నెండున్నర అడుగులు, అంటే ఒకటిన్నర అంగుళం. గోడల చుట్టూ మాత్రం మట్టం ఒకటే ఉండాల. దగ్గరి గోడల వైపు వాటం 60కి ఒకటి అవుతుంది, దానికేం ఇబ్బంది లేదు.

ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన మట్టం గొట్టం) గోడల మీద గీత కొట్టించండి. కాంక్రీటు మందం ట్రాప్ కాడ 3 అంగుళాలు, గోడ కాడ నాలుగున్నర. నాలుగు మూలల నుంచి, నాలుగు గోడల మధ్య నుంచి ట్రాప్‌కి దారాలు కట్టి, దారాల కింద ముందు పట్టీలు పోయాల. పదడుగుల బద్ద ఒక కొస మూల పట్టీ మీద, ఇంకో కొస మధ్య పట్టీ మీద ఆనించి గోడ నుంచి ట్రాప్ వైపు లాగితే వాటం దానంతటదే వస్తుంది. పోసినాక కంటి అంచనాతో సరిచేసేది కుదరదు.

సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1½:3, 20 ఎంఎం కంకర. సగటు మందం 4 అంగుళాలు కాబట్టి 100 ఘనపుటడుగుల కాంక్రీటు: సిమెంటు 23 మూటలు, ఇసుక 42, కంకర 84 ఘనపుటడుగులు. మూటకి నీళ్లు 25 లీటర్లు, 30 దాటనీయొద్దు. పల్చన చేస్తే కాంక్రీటు ట్రాప్ వైపుకి జారి తనే మట్టం అయిపోతుంది, పెట్టిన వాటం పోతుంది. పైన తేలిన నీళ్ల మీద పొడి సిమెంటు చల్లనీయకండి, తర్వాత పొరలుగా లేస్తుంది.

ప్లంబింగ్, రేణిగుంట:
పీవీసీని కాంక్రీటు పట్టుకోదు. ట్రాప్ బయటి వైపు గరుకు కాగితంతో రుద్ది, పైపులు అతికించే సాల్వెంట్ పూసి, ఆరకముందే ఇసుక చల్లండి. లేకపోతే ఆ సందులోంచే నీళ్లు కిందికి దిగుతాయి. ముందురోజే చుట్టూ కాంక్రీటు పెట్టి కదలకుండా బిగించండి, మూతికి ప్లాస్టిక్ కట్టండి. జాలీ గచ్చు కన్నా 5 ఎంఎం కిందికి ఉండాలి.

అసలు సంగతి, నీళ్లు ఎక్కడికి వదులుతున్నారు?

కొర్లగుంట, తిరుపతి:
వీధి కాలువలోకి. అది గచ్చు కన్నా నాలుగడుగులు పైనుంది.

ప్లంబింగ్, రేణిగుంట:
అయితే నేరుగా కలపడం కుదరదు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులే ఏరులయ్యాయి. అట్లాంటి రోజు కాలువ నీళ్లు మీ ట్రాప్‌లోంచే పైకి తన్నుతాయి. ఓ మూలన 2 × 2 అడుగుల సంపు, 3 అడుగుల లోతు, ఫ్లోట్ (నీళ్లు పెరిగితే పంపుని ఆన్ చేసే తేలే స్విచ్) ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టండి. డెలివరీ పైపుకి నీళ్లు వెనక్కి రానీయని నాన్ రిటర్న్ వాల్వు వేసి, పైపుని రోడ్డు మట్టం దాటించి తర్వాత కిందికి వంచండి. ట్రాప్ నుంచి సంపుకి పోయే పైపు గచ్చు పోయకముందే వేయాలి, లేదంటే మళ్లీ పగలగొట్టాలి.

తాపీ పని, చిత్తూరు:
ఇంకొకటి, క్యూరింగ్‌కి వాటం ఉన్న గచ్చు మీద నీళ్లు కట్టినా నిలవవు. గోనెసంచులు పరిచి తడపండి. పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన సిమెంటు) అయితే 10 రోజులు.