కొత్తగా వచ్చినవాళ్ల శనివారం, కొలంబస్: ఏ టేబుల్ దగ్గర ఏం చెప్పాలి

సమన్వయం:
అందరికీ నమస్కారం. ఒహాయో రాష్ట్రంలోని మన కొలంబస్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి దారి చూపే కార్యక్రమం ఆగస్టు చివరి శనివారం, మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు. ఈసారి స్టేజీ, మైకు, ప్రసంగాలు వద్దు. గంటసేపు స్లైడ్లు చూపిస్తే అందరూ ఫొటోలు తీసుకుంటారు, ఇంటికెళ్లాక తెరిచి చూసేవాళ్లు ఉండరు. నాలుగు టేబుళ్లు వేద్దాం: లైసెన్సు, అద్దె ఇల్లు, పిల్లలు, కాగితాలు. లేచి వెళ్లేవాళ్లకి సోమవారం ఏ ఆఫీసుకి వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో తేలిపోవాలి, అంతే. ఎవరి టేబుల్ సంగతి వాళ్లు ఇక్కడ రాయండి.

లైసెన్సు టేబుల్:
ఒహాయోలో స్థిరపడ్డాక 30 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. ఇండియా లైసెన్సు ఉందని పరీక్ష మాఫీ కాదు, రాతపరీక్షా డ్రైవింగ్ పరీక్షా రెండూ పాసవ్వాల్సిందే. ముందు చెప్పాల్సింది ఒకటుంది: బీఎమ్‌వీ (బండ్లు, లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖ) అంటే ఒక్క ఆఫీసు కాదు. పరీక్షలు పెట్టేది ఎగ్జామ్ స్టేషన్. డబ్బు కట్టించుకుని పర్మిట్, లైసెన్సు ఇచ్చేది డిప్యూటీ రిజిస్ట్రార్. ఒకదానికి వెళ్లాల్సినవాళ్లు రెండోదానికి వెళ్లి సగం రోజు పోగొట్టుకుంటారు.

రాతపరీక్షలో 40 ప్రశ్నలు, 30 సరిగ్గా రావాలి. దాంతో ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. మనవాళ్లు ఫెయిలయ్యేది డ్రైవింగ్ పరీక్షలో కోన్ల దగ్గర. ఇండియాలో ఎనిమిది అంకె వేసిన ధీమాతో వస్తారు, ఇక్కడ లెక్క వేరు. నాలుగు కోన్లతో 9 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గడి. దానికి ముందు మధ్యలో, ఇంకో 20 అడుగుల దూరంలో ఐదో కోను. గడిలోంచి ముందుకెళ్లి, పరీక్షించేవాళ్లు చెప్పినవైపు ఐదో కోను దాటి, వెనక బంపరు ఆ కోనుకి సమానంగా వచ్చేట్టు ఆపాలి. తర్వాత అదే దారిలో రివర్స్‌లో గడిలోకి తిన్నగా రావాలి. మధ్యలో ఆగి చూసుకుంటే మార్కులు పోతాయి, కోను తగిలినా పోతాయి, పడగొడితే అక్కడికక్కడే ఫెయిల్. ఆ రోజుకి పార్కింగ్‌లో టేపుతో ఈ గడి గీద్దాం. ఐదు కోన్లు, కొలిచే టేపు నేను తెస్తాను.

సమన్వయం:
గడి గీయండి గానీ అందులో ఎవరిచేతా కారు నడిపించొద్దు. పర్మిట్ ఉందో లేదో, ఎవరి ఇన్సూరెన్స్ కింద వస్తుందో మనం చూసుకోలేం. నడిచి చూపిస్తే చాలు.

లైసెన్సు టేబుల్:
సరేనండి. 21 లోపు పిల్లలకి నియమాలు వేరు, వాళ్లని పక్కన కూర్చోబెట్టి విడిగా చెబుతాం. స్కూలు బస్సు సంగతి పెద్ద అక్షరాల్లో అతికించండి: పిల్లల కోసం బస్సు ఆగినప్పుడు, రోడ్డు నాలుగు లేన్లకంటే తక్కువైతే ఎదురుగా వస్తున్న మనమూ ఆగాలి. నాలుగు, అంతకుమించి ఉంటే బస్సు వెళ్లే వైపువాళ్లు మాత్రమే.

అద్దె ఇళ్ల టేబుల్:
డిపాజిట్ మీద రెండు మాటలు. ఒహాయో చట్టం ప్రకారం ఖాళీ చేసి తాళాలిచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కివ్వాలి, లేదా దేనికెంత కోశారో రాసివ్వాలి. కానీ కొత్త అడ్రసు మనం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. నోటితో చెప్పి వెళ్లినవాళ్లు తర్వాత గట్టిగా అడగలేరు. చేరిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ కింద, బాత్‌టబ్ అంచులు వీడియో తీసి, తేదీ కనిపించేలా లీజింగ్ ఆఫీసుకి మెయిల్ చేయమనండి.

ఇక తలుపు తట్టే కరెంటు, గ్యాస్ కంపెనీల ఏజెంట్లు. ఇక్కడ కరెంటు, గ్యాస్ సరఫరా కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. టాబ్లెట్ పట్టుకుని వచ్చి "మీ బిల్లు ఒకసారి చూపించండి, తగ్గుతుందేమో చూస్తాం" అంటారు. బిల్లు మీది ఖాతా నంబరు దొరికితే చాలు, మన సరఫరాని వాళ్ల కంపెనీకి మార్చే పని మొదలవుతుంది. మొదటి నెలలు రేటు తక్కువ, ఆ తర్వాత పెరిగేది చిన్న అక్షరాల్లో ఉంటుంది. బిల్లు చూపించొద్దు. రేట్లు పోల్చుకోవాలంటే కరెంటు, గ్యాస్ కంపెనీలని పర్యవేక్షించే రాష్ట్ర కమిషన్ పీయూసీఓ వాళ్ల 'యాపిల్స్ టు యాపిల్స్' పట్టిక ఉంది. పొరపాటున ఒప్పుకున్నా, మార్పు ఖాయమైందని ఉత్తరం వచ్చిన 7 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. పెద్దవాళ్లు పగలు ఒంటరిగా ఉండే ఇళ్లల్లో ఇది మరీ ఎక్కువ. అమ్మానాన్నలకి కూడా చెప్పమనండి.

పిల్లల టేబుల్:
టీకాల కార్డు ఒరిజినల్ తెమ్మని పిలుపులోనే రాయండి అక్కా. మన కార్డుల్లో తరచూ కనిపించే లోటు చికెన్‌పాక్స్ రెండో డోసు. ఏడో తరగతిలో చేరేవాళ్లకి టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా), మెనింజైటిస్ టీకాలు కూడా అడుగుతారు. స్కూల్లో చేరాక కాగితాలివ్వడానికి 14 రోజుల గడువుంటుంది, ఆ తర్వాత రానివ్వరు. టీబీ పరీక్ష అడిగితే చర్మం మీద సూది కాకుండా రక్తపరీక్ష చేయమని అడగండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న పిల్లలకి చర్మపరీక్ష ఊరికే పాజిటివ్ చూపించొచ్చు.

కార్లో: నాలుగేళ్లలోపు లేదా 40 పౌండ్లలోపు అయితే కారు సీటు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా, లేదా 4 అడుగుల 9 అంగుళాలు ఎదిగేదాకా బూస్టర్ సీటు.

ఇంకోటి: బుధవారం మధ్యాహ్నం 12కి ఊరంతా సైరన్ మోగుతుంది. ఫ్రాంక్లిన్ కౌంటీ ప్రతి వారం చేసే పరీక్ష అది, కంగారుపడక్కర్లేదు. వేరే రోజు మోగితే మాత్రం బేస్‌మెంట్‌లోకి, అది లేకపోతే కిటికీలు లేని గదిలోకి.

కాగితాల టేబుల్:
మొదటి పని ఐ-94 (అమెరికాలోకి ఎప్పుడొచ్చాం, ఎప్పటిదాకా ఉండొచ్చు అనే రికార్డు) డౌన్‌లోడ్ చేసి చదవడం. పేరు, వీసా రకం, చివరి తేదీ. హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల భార్య/భర్త, పిల్లల వీసా) వాళ్లలో పాస్‌పోర్టు ముందే ముగిసేవాళ్లకి ఐ-94 ఆ తేదీకే ఆగిపోతుంది, ఐ-797లో (వీసా పిటిషన్ ఆమోద పత్రం) ఇంకా రెండేళ్లున్నా సరే. ఉండగలిగే గడువు ఐ-94దే. దీనికోసం ఒక లాప్‌టాప్, ప్రింటర్ పెడదాం, ఎవరిది వాళ్లే తెరుచుకోవాలి. మనం ఎవరి పాస్‌పోర్టూ ఫొటో తీయొద్దు.

హెచ్-4 వాళ్లకి పని అనుమతి లేకపోతే ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇవ్వరు. ఎఫ్-1 విద్యార్థులకి ఉద్యోగం ఆఫర్ ఉంటేనే. ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రసు తెలపాలి: విద్యార్థులు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి, మిగతావాళ్లు ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారంతో ఇమిగ్రేషన్ శాఖకి.

ఊరి పన్ను సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి మనమే చెప్పాలి. కొలంబస్‌లో పనిచేస్తే జీతంలోంచి 2.5 శాతం సిటీకి పోతుంది. కొలంబస్‌కి ఉత్తరాన లూయిస్ సెంటర్‌లో ఉండేవాళ్లది టౌన్‌షిప్ (ఏ సిటీ కిందకీ రాని ప్రాంతం), అక్కడ ఊరి పన్ను లేదు. అయినా కొలంబస్ ఆఫీసుకి వెళ్తున్నంతకాలం అక్కడ కోసింది కోసిందే. పూర్తిగా ఇంటి నుంచే చేసేవాళ్లు పేరోల్‌లో పనిచేసే చోటు సరిగ్గా ఉందో చూసుకోవాలి.

వంటల బృందం:
పులిహోర, సమోసా, మజ్జిగ. ఎండలో పెరుగన్నం పెట్టం. పులిహోరలో పల్లీలు వేయం, విడిగా గిన్నెలో పెడతాం, అలర్జీ ఉన్నవాళ్లుంటారు. మనిషికి ఒక ప్లేటు లెక్క కాబట్టి ఎందరొస్తారో బుధవారంలోగా చెప్పండి.

సమన్వయం:
బుధవారం సైరన్ మోగేలోపు చెబుతాను.