కేజ్‌లో నాలుగు కోళ్లా, మూడా?

మూడో షెడ్డు
మాది అనపర్తి దగ్గర లేయర్ ఫారం, అంటే గుడ్ల కోసం కోళ్లు పెంచేది. నాన్న ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు, నేను మూడేళ్లుగా షెడ్లలో తిరుగుతున్నాను. నెల రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ.

మా కేజ్ వెడల్పు 18 అంగుళాలు, లోతు 15. అందులో నాలుగు కోళ్లు. లెక్క కడితే కోడికి 435 చదరపు సెంటీమీటర్లు. జిరాక్స్ షాపులో వాడే ఏ4 కాగితమే 620 పైన ఉంటుంది. అంటే ఆ కాగితంలో దాదాపు మూడో వంతు కత్తిరించేసి, మిగిలిన ముక్క మీద కోడిని ఏడాది పైగా నిలబెడుతున్నాం.

పొద్దున్నే షెడ్డులోకి వచ్చి చూడండి. గుడ్డు పెట్టే వేళకి కోడికి మరుగు కావాలి. మా అమ్మమ్మ ఇంట్లో నాటుకోడి గడ్డివాము పక్కకో, వడ్ల బస్తాల వెనక్కో దూరేది. దీనికి దూరడానికి ఏముంది? పక్క కోడి రెక్క కింద తల పెడుతుంది. అది పొడుస్తుంది. మూలకి పోతుంది, అక్కడ ఇంకోటి. మళ్లీ వెనక్కి వస్తుంది. చివరికి ఆ వాలు తీగల మీదే కూర్చుని పెట్టేస్తుంది, గుడ్డు ముందుకి దొర్లిపోతుంది. మేత తొట్టి దగ్గర తీగకి రాసుకుని రాసుకుని మెడ మీద ఈకలు ఊడి, చర్మం ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది.

కేజ్‌లు పీకేద్దాం అనడం లేదు నేను. కొత్త బ్యాచ్‌కి నాలుగు బదులు మూడు వేద్దాం అంటున్నాను. అప్పుడు కోడికి 580 వస్తుంది. నాన్నేమో "నీ జాలికి డబ్బులు ఎవడు కడతాడ్రా" అంటున్నారు. మీరేమంటారు?

గోదారి గట్టు
నాన్నగారి మాటే కరెక్టు తమ్ముడూ. నాకూ ఫారం ఉంది. కోళ్లు తగ్గించావని బ్యాంకువాడు వాయిదా తగ్గించడు. మూడే వేశావని వ్యాపారి గుడ్డుకి అయిదు పైసలు ఎక్కువ ఇవ్వడు. పొద్దున వచ్చిన రేటే నీకూ, నాకూ.

ఇంకోటి. కేజ్‌ని తిట్టేవాళ్లు పాత రోజులు చూడలేదు. ఊక పరిచి నేల మీద పెంచినప్పుడు కోళ్లు తమ రెట్టలోనే తిరిగేవి, అందులోనే ఏరుకుని తినేవి. కాక్సీ (కోళ్ల పేగులకి వచ్చే రోగం) వచ్చిందంటే రక్తపు రెట్టలు, పొద్దున్నే బుట్ట పట్టుకుని చచ్చిన వాటిని ఏరడమే పని. కేజ్ వచ్చాక రెట్ట కిందకి పడిపోయి ఆ బాధ చాలా వరకు తప్పింది. ఇది కూడా కోడికి మేలే కదా?

పులస పిచ్చోడు
మన జిల్లాల్లో పందెం కోడికి బాదంపప్పు, వేన్నీళ్ల స్నానం, చెరువులో ఈత. రోజూ గుడ్డు పెట్టే దానికి ఏ4 కాగితం కూడా లేదు. పెట్టగా పుట్టడమే దాని తప్పు 😀

పశువుల డాక్టరు, రిటైర్డ్
గట్టు గారు కాక్సీ గురించి చెప్పింది నిజం. నేల మీద పెంపకంలో ఒకదాన్నొకటి పొడుచుకు చంపుకోవడం కూడా ఎక్కువే. దాణా కాస్త ఎక్కువ తింటాయి, గుడ్లు ఊకలో పెట్టి మురికి చేస్తాయి. కేజ్ తీసేస్తే అన్నీ బాగుపడతాయని నేను చెప్పను.

కానీ కేజ్ రోగాలు కేజ్‌కి ఉన్నాయి. పెంకు కోసం కోడి తన ఎముకల్లోని కాల్షియం తోడుకుంటుంది. కదలిక లేకపోతే ఆ ఎముక మళ్లీ గట్టిపడదు. అమ్మేసే రోజు కాళ్లు పట్టి బయటికి లాగుతుంటే ఎముక పుటుక్కుమనడం ఈ పని చేసినవాళ్లందరూ వినే ఉంటారు.

ఇక ఎండలు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పాలి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి గాలి తగలనివ్వాలి. నలుగురి మధ్య ఇరుక్కున్న కోడి రెక్క ఎక్కడ చాపుతుంది? మే నెలలో ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) పెట్టి, గోనె పట్టాలు తడిపి కట్టి నానా తంటాలు పడతాం. ఆ వడగాడ్పుల రోజుల్లో చచ్చిన కోళ్ల లెక్క రాసుకునే పుస్తకం ఉంటే తీసి చూడు బాబూ. నాన్నగారితో మాట్లాడేటప్పుడు జాలి కంటే ఆ పుస్తకం నీకు ఎక్కువ పనికొస్తుంది.

డచ్చి తెలుగు
నేను రోటర్‌డ్యామ్‌లో ఉంటాను. ఇక్కడ ప్రతి గుడ్డు మీదా అంకె కొట్టి ఉంటుంది. 0 అంటే ఆర్గానిక్, 1 అంటే బయట తిరిగిన కోడి, 2 అంటే షెడ్డులోనే కానీ కేజ్ లేకుండా, 3 అంటే కేజ్. యూరోపియన్ యూనియన్‌లో మనలాంటి ఉత్త తీగ కేజ్‌లు 2012 జనవరి నుంచి నిషేధం. ఆ చట్టం 1999లోనే చేసి, రైతులకి పన్నెండేళ్లకి పైగా టైమిచ్చారు. కేజ్ వాడాలంటే కోడికి కనీసం 750 చదరపు సెంటీమీటర్లు, పైగా గూడు, కూర్చోడానికి కర్ర ఉండాలి. మనం కూడా గుడ్డు మీద అంకె కొట్టడం నుంచైనా మొదలుపెట్టొచ్చు కదా?

గోదారి గట్టు
అయ్యా, మాకు కొల్లేరు ఎంతో దూరం లేదు. చలికాలం వలస పక్షులు దిగుతాయి. బయట వదిలితే బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎవరు దిక్కు? 2022లో ఇంగ్లండ్‌లో కూడా బయట తిరిగే కోళ్లన్నిటినీ లోపల పెట్టమని ఆర్డరు వేశారు.

పశువుల డాక్టరు, రిటైర్డ్
బయట వదలమని ఆ అబ్బాయి అడగలేదు గట్టు గారూ. అయినా 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది ఫారాల్లోనే కదా. లోపల కిక్కిరిసి ఉన్నాక వైరస్‌కి ఒక్క సందు దొరికితే చాలు.

అంగన్‌వాడీ అక్క
మీరంతా పైసల్లో మాట్లాడుతున్నారు, నా దగ్గర పిల్లలున్నారు. మా ఊళ్లో కొందరికి ఆ గుడ్డే రోజులో గట్టి తిండి. బడి భోజనంలోనూ వారానికి అయిదు గుడ్లు ఇస్తున్నారు. రేటు పెరిగితే ముందు చిన్న సైజు గుడ్లు వస్తాయి, తర్వాత లెక్క తగ్గుతుంది. కోడి మీద నాకూ జాలి ఉంది. కానీ అది ఈ పిల్లల కంచంలోంచి తీయకండి.

లెక్కల మాస్టారు
అక్కా, ఎంత పెరుగుతుందో ముందు చూద్దాం. గుడ్డు ఖర్చు 5 రూపాయలు అనుకోండి. అందులో దాణా, పిల్ల, మందులు కోడి లెక్కన పడేవి. కోళ్లు తగ్గితే అవీ తగ్గుతాయి. షెడ్డు అప్పు, కరెంటు, జీతాలు మాత్రం తగ్గవు. ఇవి ఖర్చులో 15 శాతం అనుకుంటే గుడ్డుకి 75 పైసలు. నాలుగు కోళ్లు పంచుకునే బరువు మూడు మోయాలి కాబట్టి అది రూపాయి అవుతుంది. పెరిగింది పావలా. 20 శాతం అనుకున్నా 33 పైసలు. ఎండకి చచ్చేవి తగ్గితే అందులో కొంత తిరిగొస్తుంది. అసలు గుడ్డు రేటు ఒక్క నెలలోనే ఇంతకంటే ఎక్కువ ఊగుతుంది.

గోదారి గట్టు
మాస్టారూ, లెక్క తప్పని అనను. మరి ఆ పావలా నా జేబులోంచి ఎందుకు పోవాలి? నేనొక్కడినే మూడు వేస్తే పక్క ఫారం వాడు నాలుగు వేసి అదే రేటుకి అమ్ముకుంటాడు. అందరికీ ఒకటే రూలు పెట్టమనండి, పన్నెండేళ్లు కాదు, అయిదేళ్లు టైమివ్వమనండి, నేను మొదటి సంతకం పెడతాను. బడి గుడ్లు కొనేది సర్కారే కదా, ఆ టెండర్లలోనే "మూడు కోళ్ల కేజ్ గుడ్డు" అని రాసి పావలా కలిపి ఇమ్మనండి. అక్క పిల్లలకీ నష్టం లేదు.

నల్లకోటు
రూలు అసలు లేదనుకోకండి. 1960 జంతు హింస నిరోధక చట్టం, సెక్షన్ 11. జంతువు కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో పెట్టడం నేరం అని అందులో ఉంది. 2017లో లా కమిషన్ 269వ నివేదిక ప్రత్యేకించి లేయర్ కోళ్లు, బ్రాయిలర్ల పెంపకం మీదే ఇచ్చింది. ఇక శిక్ష వినండి: ఆ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకి ఇవాళ డజను గుడ్లు కూడా రావు. ఇంట్లో రామచిలుకని పంజరంలో పెట్టి చూడండి, అటవీ శాఖవాళ్లు గుమ్మంలో ఉంటారు.

మూడో షెడ్డు
డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే మేలో రాసిన పుస్తకం తీశాను. ఏ వరసలో ఎన్ని చచ్చాయో రాశాం కానీ, ఏ కేజ్‌లో ఎన్ని కోళ్లున్నాయో రాయలేదు. అప్పటికే కోళ్లు చచ్చి మూడే మిగిలిన కేజ్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎన్ని పోయాయో ఇప్పుడు తెలిసే దారి లేదు. ఆ మాట నాన్నకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఆయనే ఎత్తారు. వచ్చే నెల గ్రోవర్లు (గుడ్డుకి వచ్చే ముందు వయసు కోళ్లు) దిగినప్పుడు మూడో షెడ్డులో ఒక్క వరస నాకిస్తారట. పడమటి వైపుది, మధ్యాహ్నం ఎండ నేరుగా పడేది. "తేడా ఉంటే అక్కడే తెలియాలి" అన్నారు. దాణా తూకం, గుడ్ల లెక్క, చావులు పక్క వరసతో పోల్చి రోజూ రాయాలి. తగ్గిన ట్రేల డబ్బు నా ఖాతాలో కోత.

గోదారి గట్టు
పడమటి వరస ఇచ్చాడంటే మీ నాన్న గట్టివాడే. మే నెల లెక్క ఇక్కడే పెట్టు తమ్ముడూ, దాచకుండా.