పసిఫిక్ ఆల్చిప్పలకు కొత్త ప్రజాతి అవసరమా?

తీరవాసి:
సాల్వి, మారియోత్తీని అనే పరిశోధకులు 2017లో పసిఫిక్ ఆల్చిప్పలను క్రాసోస్ట్రియా ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) నుంచి విడదీసి, మగల్లానా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. బేన్ తదితరులు దాన్ని అదే ఏడాది వ్యతిరేకించారు. మన తూర్పు తీరపు ఉప్పుటేరుల్లో దొరికే మద్రాసెన్సిస్ అనే ఆల్చిప్ప జాతికీ ఈ మార్పు వర్తిస్తుంది. ఒకే తల్లి పిల్లలైనా బురదలో పెరిగిన చిప్ప నాలుకలా సాగుతుంది, రాతిని పట్టుకున్నది ఆ రాతి వంపులనే తెచ్చుకుంటుంది. కాబట్టి పైచిప్పను చూసి ప్రజాతిని తేల్చలేం. కణంలోకి చూస్తే తేలుతుందా?

కణదర్శి:
క్రోమోజోములను లెక్కపెడితే తేలదు. అట్లాంటిక్ ఆల్చిప్ప జాతి వర్జినికాకూ, పసిఫిక్ జాతి గిగాస్‌కూ, వేరే ప్రజాతికి చెందిన ఐరోపా బల్లపరుపు ఆల్చిప్పకూ కణానికి 20 క్రోమోజోములే. అయితే కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌కు చెందిన ఆర్‌ఎన్‌ఏ జన్యువులకు మెరిసే రంగు తగిలించి చూస్తే, ఆ చుక్కలు ఆసియా పసిఫిక్ జాతుల్లో పదో క్రోమోజోమ్ పొడవు భుజం మీద, అట్లాంటిక్ జాతుల్లో రెండో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద కనిపిస్తాయి. ఇది నీటి ఉప్పదనాన్ని బట్టో, రాతిని బట్టో మారే లక్షణం కాదు.

పాతపేరు:
కణదర్శి గారూ, మీ చుక్కలను కాదనను. కానీ కొత్త ప్రజాతికి ముఖ్య ఆధారంగా చూపిన ఐటీఎస్2 అనే డీఎన్‌ఏ భాగం ఆ రైబోసోమ్ జన్యు సముదాయంలోనిదే. ఒకే ఇంటివారిని ఇద్దరు సాక్షులుగా నిలబెట్టినట్లు లేదూ?

కణదర్శి:
ప్రశ్న బాగుంది, కానీ ఒక జన్యువు అక్షరాలు మారడం వేరు, అది వేరే క్రోమోజోముకు చేరడం వేరు. పైగా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే సొంత డీఎన్‌ఏలో టీఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే అణువు) జన్యువుల వరుస కూడా వర్జినికాలో ఒకలా, ఆసియా జాతుల్లో మరోలా ఉంది. దానికీ రైబోసోమ్ సముదాయానికీ సంబంధం లేదు.

పాతపేరు:
అలాగైతే రెండు శాఖలున్నాయని ఒప్పుకుంటాను. కానీ శాఖ ఎంత దూరం జరిగితే ప్రజాతి అవుతుందో ఏ క్రోమోజోమూ చెప్పదు, అది మనుషులు గీసే గీత. గిగాస్ జన్యుపటం 2012లో క్రాసోస్ట్రియా పేరుతోనే వెలువడింది, పెంపకందారులూ దశాబ్దాలుగా ఆ పేరే వాడుతున్నారు. ఆ గీతను ఇప్పుడు జరపడం వల్ల కలిగే గందరగోళానికి తగిన లాభం నాకు కనబడలేదు.

తీరవాసి:
మద్రాసెన్సిస్ నమూనాల చీటీల మీద ప్రస్తుతానికి రెండు ప్రజాతుల పేర్లూ రాస్తాను. జన్యు పరీక్ష కోసం చిప్పతో పాటు మొప్ప ముక్కను ఆల్కహాల్‌లో దాచడం మాత్రం ఇక మానను.