ఛందస్సు పాఠానికి బొమ్మలున్న పాడ్‌కాస్టా, ఒట్టి ఎంపీ3నా?

తెలుగు లెక్చరర్: ఇంటర్ పిల్లలకు ఛందస్సు పాఠాలు రికార్డు చేస్తున్నాను. ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ అని చెబుతుంటే ఆ గణం గురులఘువులు తెరమీద కనిపించాలని నా కోరిక. ఎం4ఏ అనే రకం ఆడియో ఫైల్లో, కావలసిన భాగానికి నేరుగా వెళ్లేలా చాప్టర్లు, చాప్టర్‌కో బొమ్మ, లింకు పెట్టుకోవచ్చు కదా. అదంతా వృథా శ్రమ, ఎంపీ3 చాలు అంటున్నారు మా స్టాఫ్‌రూమ్‌లో. మీరేమంటారు?

ఆడియో ఎడిటర్: వాళ్ల మాటే నాదీ, మాస్టారూ. 2006లో యాపిల్ తన ఆడియో సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ 3లో ఇలాంటివి తేలిగ్గా చేసుకునే వీలు ఇచ్చింది. 2013లో గ్యారేజ్‌బ్యాండ్ 10 వచ్చేసరికి తీసేసింది. అయినా మీ పిల్లలు వినేది వాట్సాప్‌లో. అక్కడ చాప్టరూ రాదు, బొమ్మా రాదు. "ఇక్కడ చూడండి" అని మీరంటే వాళ్లకు కనిపించేది ప్లే బటన్ ఒక్కటే.

హైస్కూల్ టీచర్: బొమ్మల సంగతి సరే, చాప్టర్లు వద్దంటే మాత్రం ఒప్పుకోను. నిరుడు నలభై నిమిషాల పాఠం ఒకే ముక్కగా పంపాను. పరీక్ష ముందురోజు రాత్రి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, యతి ఎక్కడ చెప్పారు?" అని ఏడుపు గొంతుతో అడిగింది. ఉత్పలమాలకి పదో అక్షరం అని అప్పటికప్పుడు చెప్పాను, కానీ ఆ పిల్ల టెన్షన్ నా పాఠం వల్లే. చాప్టర్లకి ఎం4ఏనే అక్కర్లేదు, ఎంపీ3కీ 2005 నుంచే ఆ పద్ధతి ఉంది. ఆఫోనిక్ అనే ఆడియో వెబ్‌సైట్‌లో టైమూ పేరూ రాస్తే అదే పెట్టేస్తుంది. పిల్లల చేత పాడ్‌కాస్ట్ యాప్ వేయించండి.

ఆడియో ఎడిటర్: ఫోన్ అమ్మానాన్నలది, మేడమ్. సాయంత్రం గంటసేపు దొరికితే గొప్ప. యాప్ బదులు పాఠాన్నే మూడేసి నిమిషాల ముక్కలు చేసి, ఫైల్ పేర్లో "3 యతి" అని రాయండి. 64 కేబీపీఎస్ మోనో అనే తక్కువ సైజు సెట్టింగులో ముక్క ఒకటిన్నర ఎంబీ కూడా ఉండదు. ఇక బొమ్మంటారా, ఛందస్సు చెవితో పట్టుకునేది. "కావలి" అని పలుకుతూ "కా" దగ్గర రెండు చిటికెలు, "వ"కీ "లి"కీ ఒక్కొక్కటి వేయండి. ఒక గురువు, రెండు లఘువులు, అంటే భగణం వినిపిస్తుంది.

తెలుగు లెక్చరర్: ఆ చిటికెల ఉపాయం రేపే రికార్డు చేస్తాను. గురులఘువుల పట్టిక ఒక పేజీ పీడీఎఫ్‌గా వెంట పంపుతాను.

హైస్కూల్ టీచర్: విడి ముక్కలు వంద మెసేజ్‌ల కింద పడిపోతాయి, మాస్టారూ. వాటితో పాటు చాప్టర్లున్న పూర్తి ఫైల్ కూడా ఎక్కడైనా పెట్టి లింకివ్వండి. సరిగా వినబడని పిల్లలుంటే మీరు చెప్పిన మాటలన్నీ ఆ పీడీఎఫ్‌లో ఉండాలి, పట్టిక ఒక్కటే చాలదు.