పక్కింటి చెట్టు మన మీద పడితే ఖర్చు ఎవరిది?

చెరువుగట్టు (వడ్డేపల్లి):
మే నెలాఖరులో వచ్చిన గాలిదుమారానికి మా పక్కింటి సారు వాళ్ల పచ్చతురాయి చెట్టు వేళ్లతో సహా లేచి మా వైపు పడింది. ప్రహరీ గోడ పది ఫీట్ల మేర కూలింది. కారు షెడ్డు రేకులు నలిగిపోయాయి. పై పోర్షన్లో కిరాయికి ఉండే అబ్బాయి అప్పుడే బండి లోపల పెడుతున్నాడు, కొమ్మ వచ్చి భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగితే ప్లేటు వేశారు. ఆస్పత్రి బిల్లు 84 వేలు. గోడకు, రేకులకు కలిపి మేస్త్రీ 70 వేలు చెబుతున్నాడు.

సారు దగ్గరికి వెళ్తే ఒకటే మాట: "గాలి నేను పంపిన్ననా అమ్మా?" దసరాకు మేము జమ్మి పెట్టి కాళ్లు మొక్కే పెద్దమనిషి, గట్టిగా ఏమనాలో తెలియలేదు. మా ఆయన కోర్టుకు పోదామంటున్నాడు. అసలు చట్టం ఏమంటుంది? చెట్టు ఎవరిదైతే వాళ్లే కట్టాలి కదా?

మట్వాడ మనిషి:
అక్కా, కోపం తెచ్చుకోకండి, సారు అన్నదే నిజం. గాలికి ఎవరి పూచీ ఉంటుంది? 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఏమైంది? దాదాపు 500 ఎకరాల్లో 50 వేలకు పైగా చెట్లు గంటల్లోనే నేలమట్టమయ్యాయి. ఆరోగ్యంగా ఉన్న మహావృక్షాలే అడ్డం పడ్డాయి. అక్కడ ఎవరి మీద కేసు వేస్తాం? దీన్నే దైవాధీనం అంటారు. కోర్టులు కూడా ఒప్పుకుంటాయి.

గుమాస్తా (హన్మకొండ):
వకీలు దగ్గర ఇరవై ఏళ్లుగా కాగితాలు రాస్తున్నాను, నాకు తెలిసింది చెబుతాను. మీరిద్దరూ సగం సగం తప్పు.

చెట్టు నాది కాబట్టి పడితే నేనే కట్టాలి అనే రూలు లేదు. గాలి వచ్చింది కాబట్టి నాకు సంబంధం లేదు అనే రూలు కూడా లేదు. కోర్టు అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ చెట్టు పడేలా ఉందని యజమానికి తెలుసా, లేదా మామూలు మనిషి కళ్లు పెట్టి చూస్తే తెలిసేదా?

సుప్రీంకోర్టు తీర్పులు రెండు చూడండి. 1997లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు. ఆఫీసుకు పోతున్న మనిషి మీద రోడ్డు పక్క చెట్టు పడి చనిపోయాడు. కార్పొరేషన్ బాధ్యత లేదని తేల్చారు. రెండేళ్ల తర్వాత 1999లో ఢిల్లీ కార్పొరేషన్ కేసు. స్కూటర్ మీద పోతున్న మనిషి మీద వేపకొమ్మ విరిగిపడింది. ఈసారి కార్పొరేషన్ నష్టపరిహారం కట్టాల్సిందే అన్నారు. తేడా ఎక్కడ? రెండో కేసులో చెట్టు ఎండిపోయి ఉంది, చూసినవాడికి ప్రమాదం కనబడుతూనే ఉంది, అయినా దాన్ని తీసేయలేదు.

ఇక దైవాధీనం సంగతి. అది ఎవరూ ఊహించలేని దానికే వర్తిస్తుంది. తాడ్వాయిలో వచ్చినట్టు వస్తే వాదించవచ్చు. మే నెలలో వరంగల్‌లో గాలిదుమారం రావడం ఎవరూ ఊహించనిదా? మామిడికాయ రాలే కాలంలో ఏటా చూసేదే కదా.

కాబట్టి అక్కా, పడకముందు ఆ చెట్టు ఎట్లా ఉంది? అది చెప్పండి.

చెరువుగట్టు:
చెట్టు మొదలు దగ్గర కుక్కగొడుగులు మొలిచేవి. కాండం మీద చెదల మట్టి నడుమెత్తు దాకా పాకింది. నేను ఫిబ్రవరిలో ఫొటో తీసి సారుకు వాట్సాప్‌లో పంపాను, "సార్, ఒకసారి చూపించండి, మా షెడ్డు వైపే ఒరిగి ఉంది" అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబుగా దండం బొమ్మ ఒకటి పంపారు, అంతే.

గుమాస్తా (హన్మకొండ):
ఆ దండం బొమ్మే మీ కేసు! సారు చూశారని, తెలుసని అదే రుజువు. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోను మార్చినా పాత ఫోను అమ్మకండి. మొద్దును కూడా ఇప్పుడే తీసుకుపోనివ్వకండి. లోపల బోలుగా ఉందా, చెద తిందా అనేది మొద్దే చెబుతుంది. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను పక్కన నిలబెట్టి చూపించండి.

దావా వేయడానికి గడువు మూడేళ్లు ఉంటుంది, తొందర లేదు. అదే మనిషి చనిపోయి కుటుంబసభ్యులు వేస్తే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్లే. దేవుడి దయ వల్ల అంతదాకా రాలేదు.

ఇంకొక ముచ్చట. ఆస్పత్రి బిల్లు మీరు కట్టకపోతే దాన్ని మీరు అడగలేరు. ఆ అబ్బాయి విరిగిన ఎముక, పోయిన జీతం ఆ అబ్బాయి దావా. గోడ, రేకులు మీ దావా.

మట్వాడ మనిషి:
గుమాస్తా గారూ, ఒక సంగతి మర్చిపోతున్నారు. వాల్టా చట్టం ఉంది కదా, నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చింది. సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి. కొడితే జరిమానా, కొట్టకపోతే పక్కింటివాళ్ల దావా. మరి ఆ పెద్దాయన ఏం చేయాలి?

గుమాస్తా (హన్మకొండ):
అప్లికేషన్ పెట్టాలి. పెట్టి, పర్మిషన్ రాకపోతే ఆ రసీదు చూపించి "నా ప్రయత్నం నేను చేశాను" అనొచ్చు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఒక్క కాగితం కూడా పెట్టనివాళ్లు వాల్టా పేరు చెబితే జడ్జి గారు నవ్వుతారు. కొమ్మలు తేలిక చేయించినా సరిపోయేది.

చదివేవాళ్లందరికీ పనికొచ్చే మాట ఇంకోటుంది. చెట్టు పడేదాకా ఆగక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 133 ఉండేది, ఇప్పుడు దాని బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 ఉంది. పడిపోయి ఇరుగుపొరుగుకో, దారిన పోయేవాళ్లకో దెబ్బ తగిలేలా ఉన్న చెట్టును తీసేయమని, లేదా దానికి ఊతం పెట్టమని ఆర్డీవో ఆ యజమానికి ఆర్డరు ఇవ్వొచ్చు. "చెట్టు" అనే మాట ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఫొటోలతో ఒక దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుంటే సగం పని అయినట్టే.

పాలసీ ఏజెంట్ (కాజీపేట):
బండి సంగతి ఎవరూ అడగలేదు. ఆ అబ్బాయి బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, గాలివానకు చెట్టు పడి జరిగిన డ్యామేజీ ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) కింద వస్తుంది. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రూపాయి రాదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది లెక్క వేసుకోండి. మన దగ్గర లక్షన్నర విలువైన కారుకు బీమా కడతారు కానీ కోటి రూపాయల ఇంటికి వెయ్యి పెట్టరు. పది మందిని అడిగితే ఒక్కరూ తీసుకోరు, నా అనుభవం.

నర్సంపేట రైతు:
కోర్టులు, సెక్షన్లు బాగానే ఉన్నాయి. మా ఊళ్లో అయితే నలుగురు పెద్దమనుషులు కూర్చుని, కలప అమ్మిన పైసలు దెబ్బ తగిలినవాళ్లకు ఇప్పించి, మిగిలింది చెరి సగం అంటారు. తెల్లారి ఒకరి బావి దగ్గర ఇంకొకరు నీళ్లు తోడుకుంటారు. కోర్టుకు పోతే పదేళ్లు, గోడ కూలిన జాగాలోంచి ఆ మొఖం రోజూ చూడాలి.

గుమాస్తా (హన్మకొండ):
రైతన్న చెప్పినదాంట్లో అర్థం ఉంది. కలప మాత్రం చట్టప్రకారం సారుదే, మీ జాగాలో పడినంత మాత్రాన మీది కాదు. దాన్ని అమ్మి మీ ఖర్చులో పట్టుకుంటామంటే ఆయన ఒప్పుకోవాలి. పెద్దమనుషుల బదులు లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే హన్మకొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కాగితం పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రాజీ అయితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు ఉండదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా పెడతారు.

హంటర్ రోడ్డు చెల్లె:
మధ్యలో వస్తున్నందుకు సారీ. చెట్టు వేళ్లతో సహా లేచిందని అక్క మొదట్లోనే చెప్పింది, నడుమ విరగలేదు. చెదలు పట్టిన చెట్టు నడుమ విరుగుతుంది కదా? వేళ్లతో లేచిందంటే వేళ్లకే ఏదో అయి ఉండాలి. మా వీధిలో కార్పొరేషన్ డ్రైనేజీ తవ్వినప్పుడు జేసీబీ వేపచెట్టు వేళ్లు తెంపింది, రెండో వానకే పడింది.

మట్వాడ మనిషి:
ఇదీ ప్రశ్న! వేళ్లు ఎవరు తెంపారు?

చెరువుగట్టు:
రెండు రోజులు జవాబు ఇవ్వలేదు, క్షమించండి. చెల్లె మాట చదివాక మొద్దు దగ్గరికి వెళ్లి చూశాను.

మూడేళ్ల కింద మేము కారు షెడ్డుకు పునాది తీయించాం. గోడ వెంబడే తవ్వారు. మేస్త్రీ "వేళ్లు అడ్డమొస్తున్నాయ్ మేడం" అంటే మా ఆయన గొడ్డలి తెచ్చి ఇచ్చాడు. అప్పుడు అదేమీ పెద్ద విషయంగా అనిపించలేదు. ఇప్పుడు చూస్తే మా వైపు రెండు పెద్ద వేళ్లు నున్నగా తెగి ఉన్నాయి, తొడంత లావు. అవతల వైపు చెదలు. రెండూ ఉన్నాయి.

గుమాస్తా (హన్మకొండ):
చెప్పినందుకు మెచ్చుకోవాలి, చాలామంది దాచిపెడతారు. దీంతో కేసు పోయిందని కాదు. మీ దావాలో మీ వంతు తప్పు ఎంతో చూసి, అంత మేరకు కోర్టు కోత పెడుతుంది. సగమా, మూడో వంతా అనేది సాక్ష్యం బట్టి. అసలు టెన్షన్ వేరే ఉంది. ఆ అబ్బాయికి ఏ తప్పూ లేదు. అతను సారు మీదా, మీ మీదా ఇద్దరి మీదా వేయొచ్చు.

చెరువుగట్టు:
ఆ అబ్బాయి కోర్టు అనే మాటే ఎత్తలేదు. చెయ్యి మెడకు కట్టుకుని ఈ నెల కిరాయి తెచ్చి ఇచ్చాడు. నేను తీసుకోలేదు.

ఈ ఆదివారం సారును మా ఇంటికి రమ్మన్నాను, మొద్దు దగ్గరే కూర్చుందామని. మా ఆయన ఆ వేళ్ల మీద మట్టి కప్పుదామన్నాడు. నేను వద్దన్నాను.